నల్లనీటికి ఆవల ఒక వారం

రెండేళ్ళ క్రితం, ఈద్ సందడి ముగిసిన కొద్ది రోజులకు, రాత్రి భోజనం వేళ దస్తర్‌ఖాన్ చుట్టూ అందరమూ కూర్చుని ఉండగా మా పెద్దమ్మాయి ఒక కోరిక కోరింది. "అబ్బా, మా తరగతిలో అందరూ సెలవులకు ఏదో ఒక ద్వీపానికి వెళ్ళి వచ్చారు. ఒకరు బాలి, ఒకరు మాల్దీవులు. మనం మాత్రం ప్రతిసారీ విశాఖపట్నంలో అమ్మమ్మగారింటికే వెళుతున్నాము" అన్నది. చిన్నవాడు వెంటనే వంతపాడాడు. మేము నవ్వి ఊరుకుందామనుకున్నాము. అంతవరకు మౌనంగా భోంచేస్తున్న అమ్మీ తలెత్తి, "ద్వీపమే కావాలంటే అండమానుకు తీసుకువెళ్ళండి. మా అన్నయ్య అక్కడున్నాడు" అన్నది.

ఆ మాటతో ఇల్లంతా నిశ్శబ్దమైంది. మా మామూ 1974లో విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కి అండమానుకు కూలిపనికి వెళ్ళారు. చాతం దీవిలోని కట్టె కోత మిల్లులో పని దొరికింది. మూడేళ్ళపాటు మనియార్డర్లు వచ్చాయి. ఆ తరువాత ఒక ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. తోటి పనివాడు తెలుగులో వ్రాసిన ఆ ఉత్తరంలో, జ్వరంతో మరణించారనీ, నీళ్ళకు ఆవలి ఒడ్డున బంబూఫ్లాట్‌లోని ఖబ్రస్తాన్‌లో ఖననం చేశామనీ ఉన్నది. అప్పుడు అమ్మీకి ఇరవై నాలుగేళ్ళు. ఆ ఉత్తరం ఈనాటికీ ఆమె పెట్టెలో, ఖుర్ఆన్ గిలాఫు ప్రక్కన ఉంటుంది. మా కుటుంబం నుండి ఇంతవరకు ఒక్కరూ ఆ నేల మీద అడుగు పెట్టలేదు.

పిల్లలు కోరినది వినోదం. అమ్మీ కోరినది వేరు. ఈ రెండింటినీ ఒక ప్రయాణంలో ఎలా ఇముడ్చుకున్నామో, ఎక్కడ పొరబడ్డామో పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

అప్పు లేని ప్రయాణం

మొదట మేము చేసిన పని ప్రయాణాన్ని ఒక సంవత్సరానికి పైగా వాయిదా వేయడం. నేడు విహారయాత్రలకు సైతం నెలసరి వాయిదాలపై సొమ్ము ఇచ్చేవారున్నారు. వారం రోజుల ఆనందానికి ఏడాది పొడవునా వడ్డీ కట్టడం మాకు సమ్మతం కాలేదు. జకాత్ లెక్క చూసుకుని, ఇంటి ఖర్చులు పోగా మిగిలిన దానిలో నుండి ప్రతి నెలా కొంత ప్రక్కన ఉంచాము. పిల్లలు కూడా తమ ఈదీ డబ్బు అందులో వేశారు. ఆలస్యమైనందుకు వారు అలిగారు. కానీ ఆ ఏడాదిలోనే అండమాన్ పటం గోడకెక్కింది. దీవుల పేర్లు నోటికి వచ్చాయి.

రెండవ పని మాత్రం పొరపాటుగా చేశాము. మా ఊరిలో ఒక ఏజెంటు అన్నీ తానే చూసుకుంటానంటే బయానా చెల్లించాము. హలాల్ భోజనం, అమ్మీకి మెట్లు ఎక్కనవసరం లేని గది, పడవ టిక్కెట్లు అన్నీ సిద్ధమన్నాడు. రసీదు అడిగితే రేపు, మాపు అన్నాడు. చివరకు ఫోను ఎత్తడమే మానివేశాడు. ఆ సొమ్ము తిరిగి రాలేదు. నోటిమాట మీద సొమ్ము చేతిలో పెట్టడం మా తప్పే. ఇచ్చిపుచ్చుకోవడాలను వ్రాతలో ఉంచుకోవాలన్న ధర్మబోధ మనకు కొత్తది కాదు. అయినా తొందరలో మరచిపోయాము. ఆ తరువాత విమానం, బస, పడవ దేనికది మేమే స్వయంగా కుదుర్చుకున్నాము. బస యజమానితో మాట్లాడి, గది క్రింది అంతస్తులో ఉన్నదో లేదో, స్నానాలగదిలో పట్టుకునేందుకు ఆసరా ఉన్నదో లేదో అడిగి తెలుసుకున్నాము. వృద్ధులతో ప్రయాణించేవారు కిటికీలో నుండి సముద్రం కనిపిస్తుందా అని అడగడానికి ముందు ఈ సంగతులు అడగాలి.

ఎప్పుడు, ఎలా

అండమాన్ నికోబార్‌లో అయిదు వందల డెబ్బైకి పైగా దీవులున్నాయి. మనుషులు నివసించేవి నలభైకి లోపే. నవంబరు నుండి ఏప్రిల్ వరకు వాతావరణం ప్రయాణానికి అనుకూలం. మే నుండి నైరుతి రుతుపవనాలు విరుచుకుపడతాయి, సముద్రం అల్లకల్లోలమైతే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. అందుకే మేము సంక్రాంతి సెలవులను ఎంచుకున్నాము.

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీవిజయపురంగా మార్చారు. ఊరివారి నోట ఇంకా పాత పేరే వినవస్తున్నది. చెన్నై నుండి విమానంలో రెండు గంటలకు కొంచెం పైగా పడుతుంది. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి ఓడలు కూడా ఉన్నాయి. ఓడలో సుమారు రెండున్నర రోజుల ప్రయాణం. విశాఖ నుండి ఓడలు తరచుగా ఉండవు. అన్నయ్య వెళ్ళిన దారినే వెళ్ళాలని అమ్మీ పట్టుబట్టింది. ఆమె మోకాళ్ళను, ఓడలోని నిలువు మెట్లను తలచుకుని మేము ఒప్పుకోలేదు. విమానం మబ్బులు దాటి క్రిందికి దిగుతుండగా, నీలి నీటి మధ్య పచ్చని దిబ్బలు కనిపించిన క్షణాన ఆమె కిటికీకి అతుక్కుని, "వాడు ఈ నీళ్ళన్నీ దాటాడా!" అన్నది.

తొందరగా ఉదయించే సూర్యుడు

ఈ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం దేశమంతటికీ ఒక్కటే. అందువల్ల హైదరాబాదు కంటే ఇక్కడ సూర్యోదయం, సూర్యాస్తమయం దాదాపు ఒక గంట ముందే జరుగుతాయి. జనవరి మధ్యలో ఆరు గంటలు కాకముందే సూర్యుడు పైకి వస్తాడు. సాయంత్రం అయిదుంబావుకే మగ్రిబ్ వేళవుతుంది. మన ఊరి నమాజు వేళల పట్టిక ఇక్కడ పనికిరాదు. మొదటి రోజున మేము ఈ సంగతి పట్టించుకోక, అస్ర్ నమాజుకు తొందరపడవలసి వచ్చింది. ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది.

ముసాఫిర్‌కు నమాజులో లభించే సడలింపు గురించి పిల్లలు పుస్తకంలో చదివారే తప్ప ఎన్నడూ అనుభవించలేదు. నాలుగు రకాతులు రెండైనప్పుడు చిన్నవాడు "ఇది మనకు సెలవు కానుకా?" అని అడిగాడు. "అవును, ఇచ్చినవాడిని మరచిపోకూడదని ఇచ్చిన కానుక" అన్నది అమ్మీ.

భోజనం విషయంలో మేము భయపడినంత ఇబ్బంది కలగలేదు. పట్టణంలో ముస్లిం హోటళ్ళు ఉన్నాయి. చేపలు ఎక్కడైనా దొరుకుతాయి. చిన్న దీవులలో మాత్రం మాంసం గురించి వివరంగా అడిగి, సందేహం ఉన్నచోట అన్నం, పప్పు, చేపల పులుసుతో సరిపెట్టుకున్నాము.

గోడలు చెప్పే చరిత్ర

రెండవ రోజు సెల్యులార్ జైలుకు వెళ్ళాము. దీని నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. మధ్యనున్న గోపురం నుండి చక్రపు ఆకుల్లా ఏడు భవనాలు చీలి ఉండేవి. నేడు మూడే మిగిలాయి. పడగొట్టిన చోట ఆసుపత్రి వెలసింది. ఒక భవనపు ముఖం మరొక భవనపు వీపును చూస్తుంది. ఖైదీ కంటికి మరో ఖైదీ ముఖం కనబడకూడదన్నది ఆ నిర్మాణంలోని క్రూరత్వం. గది సుమారు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఉంటుంది. గడియ తలుపు మీద కాక దూరంగా గోడలో అమర్చారు, లోపలివాడి చేయి ఎంత చాచినా అందదు. మా అమ్మాయి లోపల నిలబడి చేయి చాచి చూసింది. అందలేదు. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. అండమాన్ ప్రవాస శిక్ష అనగానే అందరికీ ఈ జైలే గుర్తుకు వస్తుంది. కానీ ఈ గోడలు లేవడానికి నలభై ఏళ్ళ ముందే, 1858 మార్చిలో రెండు వందల మంది ఖైదీలతో మొదటి ఓడ ఇక్కడికి చేరింది. 1857 తిరుగుబాటులో పాల్గొన్నవారిని అడవి నరకడానికి, రాళ్ళు మోయడానికి ఇక్కడికి తరలించారు. వారిలో మన హైదరాబాదువారు ఒకరున్నారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీలోని బ్రిటీషు రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలాఉద్దీన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. ఆయన మరల హైదరాబాదును చూడలేదు. ఈ దీవులలోనే కన్నుమూశారు.

మహా పండితులు మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ కూడా ఇలాగే వచ్చి 1861లో ఇక్కడ మరణించారు. ఆ తిరుగుబాటు గురించి ఆయన అరబీలో గ్రంథం రచించినది ఈ ప్రవాసంలోనే. విడుదల ఉత్తర్వు పట్టుకుని కుమారుడు ఓడ దిగేసరికి తండ్రి జనాజా ఎదురైందని జనం చెప్పుకుంటారు. మౌలానా జాఫర్ థానేసరీ 1866లో వచ్చి, 1883లో విడుదలై తిరిగి వెళ్ళి, తన ప్రవాసగాథను ఉర్దూలో గ్రంథస్థం చేశారు. తరువాతి కాలంలో అల్లూరి సీతారామరాజు నడిపిన రంప పోరాటంలో పట్టుబడిన మన్యం వీరులు కూడా ఈ జైలును చూశారు. హిందువులు, ముస్లిములు, సిక్కులు అందరూ ఇక్కడ ఒకే గానుగ తిప్పారు.

ఖైరాబాదీ సమాధి వద్ద దుఆ చేసుకుని వస్తుండగా చిన్నవాడు, "వీరి పేర్లన్నీ బోర్డుల మీద ఉన్నాయి. మరి దాదీ వాళ్ళ అన్నయ్య పేరు?" అని అడిగాడు. అమ్మీ అతని చేయి పట్టుకుని నడిచిందే గాని సమాధానం చెప్పలేదు.

నీటి అడుగున తోట

మూడు, నాలుగు రోజులు పిల్లలవి. పూర్వం హావెలాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీపానికి పడవలో వెళ్ళాము. ప్రభుత్వ పడవ చౌక, కాస్త నిదానం. ప్రైవేటు పడవలు వేగవంతం, ధర ఎక్కువ. ఏదైనా ముందుగానే టిక్కెట్టు తీసుకోవడం మంచిది. తిరుగు పడవకు, విమానానికి మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. సముద్రం ఎవరి టిక్కెట్టునూ గౌరవించదు.

రాధానగర్ తీరం పేరుకు తగినట్లే ఉన్నది. తెల్లని పిండి వంటి ఇసుక, ఇసుక అంచు వరకు దిగివచ్చిన ఎత్తైన చెట్లు, గాజు వంటి నీరు. జనం చేరక ముందే, ఫజ్ర్ నమాజు కాగానే అక్కడికి చేరుకున్నాము. మా ఇంటి స్త్రీలు నిండు దుస్తులతోనే నీటిలో ఆడుకున్నారు. ఎవరూ వింతగా చూడలేదు. హయా సముద్రానికి అడ్డు కాదని, వేళ ఎంచుకుంటే చాలునని అర్థమైంది. కొన్ని తీరాలలో మొసళ్ళ హెచ్చరిక బోర్డులు ఉంటాయి. రక్షక సిబ్బంది చెప్పిన హద్దు దాటరాదు.

తిరిగి వచ్చాక వండూరు నుండి జాలీబాయ్ దీవికి వెళ్ళాము. ఇది 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో భాగం. పారవేసే ప్లాస్టిక్ వస్తువులను ఇక్కడికి అనుమతించరు. ఈత రాని అమ్మీ కోసం అడుగున అద్దం అమర్చిన పడవ ఉన్నది. ఆ అద్దం క్రింద పగడపు దిబ్బలు, వాటి సందుల్లో పసుపు, నీలం చారల చేపలు. అమ్మీ ప్రతి చేపకూ "సుబ్‌హానల్లాహ్" అంటూ కూర్చుంది. కొన్నిచోట్ల పగడాలు తెల్లబారి ఎముకల్లా కనిపించాయి. నీరు వేడెక్కితే పగడం ఇలా పాలిపోతుందనీ, 2010లో ఈ దీవుల్లో చాలా నష్టం జరిగిందనీ పడవవాడు చెప్పాడు. చిన్నవాడు ఇసుకలో దొరికిన పగడపు ముక్కను జేబులో వేసుకోబోతే అతడే వారించాడు. చచ్చిన పగడమైనా తీసుకుపోవడం చట్టరీత్యా నేరం. అమానతు అనే మాటకు అర్థం ఆ క్షణాన తేలికగా చెప్పగలిగాము.

మేము వెళ్ళని దారి

బారాటాంగ్ దీవిలో సున్నపురాతి గుహలున్నాయి. చాలామంది యాత్రా పట్టికలలో ఇది తప్పక ఉంటుంది. ఆ దారి జరావాల అభయారణ్యం గుండా సాగుతుంది. వేల సంవత్సరాలుగా ఈ అడవులలో వేటతో, సేకరణతో జీవిస్తున్న జరావాలు నేడు కొన్ని వందలమందే మిగిలారు. వాహనాలను వరుసకట్టి పంపిస్తారు. మధ్యలో ఆపడం, ఫోటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నిషిద్ధం. అయినా "అదృష్టం ఉంటే కనిపిస్తారు" అని మమ్మల్ని ఊరించినవారున్నారు.

మాలో మాకు వాదన జరిగింది. ఆ దారి స్థానికులకు అవసరమైనదేననీ, గుహలు చూసి వస్తే తప్పేమిటనీ మా అమ్మాయి వాదించింది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ కారు అద్దంలో నుండి మనిషి కోసం వెతికే కన్ను, జంతుప్రదర్శనశాలలో తిరిగే కన్ను ఒక్కటే అనిపించింది. ఆదం సంతతి అంతటికీ అల్లాహ్ ప్రసాదించిన గౌరవంలో వారికీ సమాన భాగమున్నది. పైగా మన దగ్గు, మన తట్టు వారికి ప్రాణాంతకం. గుహలు చూడకుండానే తిరిగి వచ్చాము. అమ్మాయి కాస్త అలిగింది, నిజమే.

ఆవలి ఒడ్డు

అయిదవ రోజు శుక్రవారం. ఉదయాన్నే చాతం వెళ్ళాము. చాతం దీవిని పట్టణంతో వంతెన కలుపుతుంది. 1883లో మొదలైన కట్టె కోత మిల్లు ఇప్పటికీ అక్కడ ఉన్నది. కోసిన పడౌక్ కలప ఎర్రగా మెరుస్తున్నది. అమ్మీ రంపపు పొట్టును గుప్పెడు పట్టుకుని వాసన చూసి వదిలివేసింది. అక్కడి రేవు నుండే బంబూఫ్లాట్‌కు పడవ వెళుతుంది.

పడవలో మా ప్రక్కన కూర్చున్న చేపలమ్మే ఆమె మా మాటలు విని, "మీరు మనోళ్ళా? మాది శ్రీకాకుళం" అన్నది. ఈ దీవులలో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి పదమూడు మంది తెలుగు మాతృభాషగా గలవారే. మరి బంబూఫ్లాట్ చుట్టుప్రక్కల మోప్లా కుటుంబాలు ఎక్కువ. 1921 మలబారు తిరుగుబాటు తరువాత శిక్షపడి వచ్చినవారు, వెంట వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డారు. తమ ఊళ్ళను మరువలేక క్రొత్త పల్లెలకు కాలికట్, మంజేరి, తిరూర్, వండూరు అని పాత పేర్లే పెట్టుకున్నారు. ఆ పేర్లు వింటే ఇల్లు విడిచినవాని మనసు తెలుస్తుంది.

జుమా నమాజు తరువాత ఒక వృద్ధుడు మమ్మల్ని ఖబ్రస్తాన్‌కు తీసుకువెళ్ళారు. ఉత్తరం చూపించాము. ఆయనకు తెలుగు రాదు. హిందీలో చదివి వినిపించాము. ఆయన తలూపి, "ఆ రోజుల్లో బయటినుండి వచ్చిన కూలీలకు చెక్క పలకలే పాతేవారు. ఇక్కడి వానలకు నాలుగైదేళ్ళలో అవి పుచ్చిపోతాయి. ఆ వాలు మీద ఉన్నవన్నీ అప్పటివే. ఏది ఎవరిదో చెప్పగలవారు ఇప్పుడు లేరు" అన్నారు.

అమ్మీ ఆ వాలు వైపు చూస్తూ నిలబడింది. గడ్డి, ఫెర్న్ మొక్కలు, అక్కడక్కడా పాచిపట్టిన రాళ్ళు. దూరాన చెట్ల సందులో నీళ్ళు. ఆమె ఏడవలేదు. కోపంగా మా వైపు తిరిగి, "ఒక్క రాయి పెట్టడానికి యాభై ఏళ్ళలో ఒక్కరికీ తీరలేదే!" అన్నది. మేము తలదించుకున్నాము. ఊటీ వెళ్ళాము, గోవా వెళ్ళాము, బంధువుల పెళ్ళిళ్ళకు దేశం సగం తిరిగాము. ఇక్కడికి రావడానికి మాత్రం ప్రతిసారీ డబ్బు చాలలేదు. ఇది ఎవరిమీదా మోపలేని నేరం, మాదే.

కొంతసేపటికి ఆమె శాంతించి, సమాధులవారందరికీ సలాం చెప్పింది. చేతులెత్తి చాలాసేపు దుఆ చేసింది. తరువాత ఉత్తరాన్ని చిన్నవాడికి ఇచ్చి చదవమన్నది. వాడు కూడబలుక్కుంటూ, ఇంకు వెలిసిన అక్షరాల దగ్గర ఆగుతూ, పూర్తిగా చదివాడు. తన పెట్టె బాకీ తీర్చడానికి అమ్ముతున్నామనీ, మిగిలిన పదకొండు రూపాయలు పంపుతున్నామనీ చివరన ఉన్నది. ఆ వాక్యం మేమెవ్వరమూ అంతకుముందు వినలేదు. అమ్మీ ఎన్నడూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే మేము ఒక నిర్ణయం తీసుకున్నాము. వృద్ధుని సలహా ప్రకారం సమాధి మీద కట్టడం గాని, పేరున్న రాయి గాని పెట్టలేదు, ఏది మామూదో తెలియనప్పుడు అది సత్యం కాదు. ఖబ్రస్తాన్ ప్రహరీ మరమ్మతుకు మసీదులో చందా ఇచ్చాము. ప్రయాణానికి దాచిన సొమ్ములో మిగిలినది అంతే. పిల్లలకు కొంటామన్న ముత్యాల దండలు కొనలేదు. అమ్మాయి అడగలేదు కూడా.

తిరుగు పడవలో అమ్మీ గాలికి ముసుగు సర్దుకుంటూ, "ఇక్కడి గాలి మంచిదే. వాడికి ఊపిరి ఆడని చోటేమో అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్ళూ" అన్నది. మరికొంతసేపటికి, రాత్రికి చేపల పులుసు దొరుకుతుందా అని అడిగింది.

సెలవులకు చోటు వెతుక్కునే పాఠకులకు మా మనవి ఒక్కటే. పటం ముందు కూర్చున్నప్పుడు ఇంట్లోని పెద్దవారిని కూడా పిలవండి. వారు వెళ్ళాలనుకుని వెళ్ళలేకపోయిన చోటు ఏదైనా ఉన్నదేమో అడగండి. అది సముద్రానికి ఆవల ఉండవచ్చు, ప్రక్క మండలంలోనే ఉండవచ్చు. వారి మోకాళ్ళు ఇంకా నడవగలిగినప్పుడే అడగండి.